కుర్చీలో నరసప్ప

“మళ్లా పెద్దనాయననే పట్టుకునింది పెద్దమ్మా!” ఫోటోగ్రాఫర్ ఈరేష్ తల పట్టుకున్నాడు.

ముందు కుర్చీలో, చనిపోయిన నరసప్ప పటం. వెనక మగ్గం పక్కన నిలబడి భార్య సరోజమ్మ, కొడుకు మధు. కెమెరాలో ఫోకస్ చూపే ఆకుపచ్చ గడి ప్రతిసారీ పటం మీదికే ఉరుకుతోంది. బతికున్నవాళ్లు మసకబారుతున్నారు.

“సచ్చినా ఆయప్పదే పెత్తనం,” అంది సరోజమ్మ.

“ఆటోమేటిక్ కదా, ముందుండే ముఖాన్నే పట్టుకుంటాది. సింగిల్ పాయింట్ పెట్టి ఫోకస్ నీ మీదే నిలుపుతా.”

తీసి చూపించాడు. సరోజమ్మ ముఖంలో ప్రతి ముడతా తెలుస్తోంది. నరసప్ప మసక.

“నలభై ఏండ్లు కుర్చీ ఎనకే నిలబడితి గదప్పా!”

ఆమె పటాన్ని మధు చేతికిచ్చి, కుర్చీలో కూర్చుంది.

“మీ నాయన్ని ఎనక పట్టుకోరా. ఈరేషూ, ఇప్పుడు పెట్టు నీ ఆటోమేటిక్కు.”