పాట కట్టినవారు

“పువ్వు కాదయ్యా, ఉప్పు,” అంది రెబెక్కమ్మ, నవ్వు ఆపుకుంటూ.

పద్మనాభయ్య చీటీని కళ్ళద్దాలకు దగ్గరగా తెచ్చుకున్నాడు. ‘విషయం: పూలు’ అని ఉన్నచోట గీత కొట్టి, ‘ఉప్పు పండించడం’ అని రాశాడు. టేపు యంత్రం పక్కన కూర్చున్న విజయభాస్కర్ తల గోక్కున్నాడు.

“పాటలో తెల్లపువ్వు అని ఉంది సార్. మల్లెపువ్వనుకున్నాను.”

“ఎండకు పూసి, వానకు కరిగిపోయే మల్లెపువ్వు ఎక్కడైనా ఉందటయ్యా? నీరు ఆవిరైపోతే అడుగున మిగిలేది ఉప్పు. ఈ పాట కట్టినవాడెవరో గాని, కళ్ళు తెరిచి చూసి కట్టాడు,” అన్నాడు పద్మనాభయ్య.

ఆ మాటకు రెబెక్కమ్మ ముఖం విప్పారింది.

పంతొమ్మిది వందల అరవై రెండు, వేసవి. అల్లూరుకు తూర్పున ఉప్పుమడులను ఆనుకొని ఉన్న చిన్న పాలెం. అక్కడి బడి నడిపే జ్ఞానప్రకాశం మేష్టారు సెలవులకు సొంత ఊరికి వెళ్తూ, బడి వరండా వాడుకోమని చెప్పి పోయాడు. పద్మనాభయ్య మద్రాసులోని ఒక పాటల భాండాగారంలో చీటీలకు బాధ్యుడు. నాటకాలవాళ్ళూ సినిమాలవాళ్ళూ అక్కడికి వచ్చి పాటలు ఎంచుకుంటారు. ఏ పాట దేని గురించి, ఎవరు పాడారు, ఎవరు కట్టారు అన్నది టేపు పెట్టె మీది చీటీయే చెప్పాలి. చీటీ తప్పయితే పాట ఉన్నా లేనట్టేనని ఆయన నమ్మకం. అందుకే, పోయిన నెల విజయభాస్కర్ ఇక్కడ ఎక్కించుకుపోయిన పాటల చీటీలను సరిచూడడానికి తానే బయలుదేరి వచ్చాడు.

“మరొక్కసారి వినిపించు.”

యంత్రం తిరిగింది. రెబెక్కమ్మ గొంతే, కాస్త కీచుగా.

‘ఎండకు పూసేటి తెల్లపువ్వు
వానకు కరిగేటి తెల్లపువ్వు
కాళ్ళకు ముల్లైన తెల్లపువ్వు
కూటికి రుచియైన తెల్లపువ్వు’

“నా గొంతు ఇట్టా ఉంటాదా! కోడిపెట్ట మాదిరి ఉండాదే,” అందామె.

పద్మనాభయ్య నవ్వి, చీటీలో ఆఖరి గడి మీద పెన్సిలు ఆనించాడు. ‘పాట కట్టినవారు’ అన్న శీర్షిక కింద విజయభాస్కర్ ముత్యాల్లాంటి అక్షరాలతో ‘సమాధానం లేదు’ అని రాసి ఉంచాడు.

“ఇదేమిటి?” అని గొంతు తగ్గించి అడిగాడు.

“అడిగాను సార్. ఈమె నోరు విప్పలేదు. పక్కనున్న మస్తానమ్మ చెప్పిందే రాశాను. పల్లె మాట కనుక వ్యాకరణం కాస్త దిద్దాను.”

“పాటల్ని కూడా దిద్దావా?”

“అబ్బే, చీటీలే సార్.”

పద్మనాభయ్య నిట్టూర్చి రెబెక్కమ్మ వైపు తిరిగాడు. “చూడమ్మా, ఈ పాటను ఒక సినిమా కంపెనీవాళ్ళు అడుగుతున్నారు. కట్టినవాడి పేరు లేకపోతే చీటీ మీద ‘అజ్ఞాతం’ అని ముద్ర పడుతుంది. ఆ తర్వాత ఎవరైనా తీసుకోవచ్చు, తామే కట్టామని చెప్పుకోవచ్చు. టేపు ఈ సాయంత్రం రైలుకు వెళ్ళిపోతుంది. నేను సైన్సు చదువుకున్నవాణ్ణి. ప్రతి ప్రశ్నకూ సమాధానం ఉంటుందని నమ్ముతాను.”

రెబెక్కమ్మ ఉలిక్కిపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఉంటే బాగుండు గదయ్యా,” అంది మెల్లగా.

“ఉండి తీరుతుందమ్మా. మన కంటికి కనిపించకపోవచ్చు, అంతే.”

“మా పాస్టరయ్య గూడా అట్నే అంటాడు.”

ఒక పాస్టరుతో తన అభిప్రాయం కలవడం పద్మనాభయ్యకు వింతగా తోచింది.

“కట్టిందెవరో మీకు తెలుసునా?”

“తెలీకేం?”

“అయితే చెప్పండి.”

“నా నోటితో ఎట్టా అంటానయ్యా? అనగూడదు.”

పద్మనాభయ్యకు అప్పుడు అర్థమైంది. “మీ ఆయనా?”

ఆమె తల ఊపింది.

“పేరు పలికితే ఏమీ కాదమ్మా. మా ఇంటావిడ నన్ను పేరు పెట్టే తిడుతుంది. గుండ్రాయిలా ఉన్నాను, చూడండి.”

“ఆయమ్మకుండే ధైర్యం నాకు లేదులేయ్యా. పెండ్లయిన కాడినుంచి అననిది ఇప్పుడు కొత్తగా అంటే, నాకే నవ్వొస్తాది.”

“పోనీ, మస్తానమ్మను పిలవండి.”

“పొద్దన్నే కావలికి పొయింది.”

రోడ్డు మీద బస్సు హారను వినిపించింది. విజయభాస్కర్ యంత్రానికి మూత బిగించసాగాడు.

“సరే, ‘రెబెక్కమ్మ భర్త’ అని రాస్తాను,” అన్నాడు పద్మనాభయ్య.

“వద్దయ్యా.” ఆమె గొంతు గట్టిపడింది. “ఆయనకు పేరుండాది. పేరు లేకుండా పంపించేదైతే నా పాట నాకు ఇచ్చేసి పోండి.”

“టేపులోంచి పాట తీసి ఎలా ఇస్తామమ్మా?” అన్నాడు విజయభాస్కర్.

“నాకేం తెలుసు అబ్బయ్యా! పెట్టుకునింది నువ్వే గదా, తీసేది గూడా నువ్వే తెలుసుకో.”

పద్మనాభయ్య ఆమెను కాసేపు చూశాడు. చీటీ విషయంలో తన పట్టుదలకు తీసిపోని పట్టుదల ఆ ముఖంలో కనిపించింది. ఆయనకు ముచ్చటేసింది.

“మీకు చదువు వచ్చునా?”

“బైబులు చదువుకుంటానయ్యా.”

“ఇంకేం! నోటితో అనవద్దు. ఇందులో రాసివ్వండి.”

చీటీ, పెన్సిలు ఆమె చేతికిచ్చాడు. రెబెక్కమ్మ ఒక్కొక్క గడినీ వేలితో తడుముతూ కిందికి వచ్చింది. ఆఖరి గడి దగ్గర వేలు ఆగిపోయింది. అక్కడి ‘సమాధానం’ అన్న మొదటి మాటను పైకి చదవకుండానే రెండుసార్లు నిమిరింది. ఆమె పెదవుల మీద నవ్వూ, కళ్ళలో నీళ్ళూ ఒకేసారి వచ్చాయి.

“పేరు ఎప్పుడో రాసేసినారు గదయ్యా. ఒక్క అక్షరమే తప్పుపొయింది.”

రెండో మాట చివర పెన్సిలు మొన ఆనించి, విజయభాస్కర్‌కు చూపించింది.

“‘లేదు’ కాదు అబ్బయ్యా, ‘లేడు’.”