మందునీళ్ళు తాగిన పెట్ట

ఓ పెరటి కక్కెర కోడిపెట్టకి జబ్బున్నా లేకున్నా యజమాని రోజూ నీళ్ళలో చిటికెడు మందు కలిపేవాడు. "మురిక్కాలవలో తాగే నీకేం తెలుసే మందునీళ్ళ రుచి!" అని పెట్ట అదే పెరట్లోని బాతుని దెప్పేది.

ఒకనాడు దాని పిల్ల ఒకటి మెడ వాల్చేసింది. యజమాని ఆ మందే ఇంకాస్త ఎక్కువ కలిపాడు. పెట్ట పిల్లని నీళ్ళ పళ్ళెం దగ్గరికి తోసింది.

"తాగవే తల్లీ, తాగు."

పిల్ల తాగింది. దాని కడుపులోంచి ఒక క్రిమి నవ్వింది.

"పట్టించు అత్తా. ఈ మందుకి చచ్చేవాళ్ళు మాలో లేరు."

పెట్ట పిల్ల కడుపు వంక చూసింది. "ఎవరే నువ్వు?"

"పరాయిదాన్ని కాదు. నీ కడుపులోనే పుట్టాను. మందుని తట్టుకునే గుర్తు నా ఒంట్లో ఉంది. అది లేనివాళ్ళని నువ్వు రోజూ తాగి చంపావు. మిగిలిన నేను పిల్లల్ని కన్నాను, పక్క క్రిములకీ ఆ గుర్తు పంచాను. నీ రెట్టలో బయటపడ్డాం. నీ పిల్ల అక్కడే గింజలేరుకుంది."

పొద్దెక్కేసరికి పిల్ల చచ్చిపోయింది. పెట్ట పళ్ళేన్ని కాలితో తన్నేసింది. యజమాని దాన్ని తిట్టి, పళ్ళెం నింపి, ఈసారి గుప్పెడు మందు వేశాడు.

మిగతా పిల్లలు దాహంతో పరిగెత్తుకొచ్చాయి.