మొదటి గుక్క

"ముందు నువ్వు తాగవే."

వార్డెన్ ఈశ్వరమ్మ గ్లాసు ముట్టుకోకుండానే అంది. వంటమనిషి కనక గిన్నెలోని చోడి జావ, అదే రాగి జావ, తన సత్తు గ్లాసులోకి గుక్కెడు వంపుకుని, ఆమె కళ్లెదుటే తాగి, మూతి తుడుచుకుంది. ఇచ్చేవాళ్లు ముందు తాగి చూపించడం కొండల్లో పాత మర్యాద. కానీ మైదానం నుంచి వచ్చి పద్దెనిమిదేళ్లుగా అక్కడి ఆశ్రమ పాఠశాలలో పాతుకుపోయిన ఈశ్వరమ్మకు అది మర్యాద కాదు, భయం. ఏజెన్సీ వాళ్లు తిండిలో మందు పెడతారని ఎవరో నూరిపోశారు.

కనక తాగాక ఈశ్వరమ్మ తన గ్లాసు ఎత్తింది. "షుగరొచ్చాక మీ తిండే నాకు దిక్కయిందే. నీ జావ పడ్డాక ఒళ్లు తేలిగ్గా ఉంది" అంది, హాయిగా త్రేన్చి.

"ఇంకో గలాసు పొయ్యనా అమ్మా?"

తాగు. కడుపునిండా తాగి చావు. కనక లోపల రోజూ గొణుక్కునే మాట అదే. ఆ జావలో గుప్పెడు గోధుమ పిండి ఉంది మరి! హాస్టల్ రవ్వనే తిరగల్లో మెత్తగా విసిరి, ఎవరూ చూడకుండా కలిపింది.

కనక కూతురు చిలకమ్మ ఈ హాస్టల్లోనే మూడో తరగతి చదివింది. ఇంట్లో చోడి అంబలి, సామ అన్నం తప్ప ఎరగని పిల్ల. ఇక్కడ రోజూ పొద్దున్నే గోధుమ రవ్వ ఉప్మా. తిన్నదల్లా కక్కేది. పొట్ట ఉబ్బి, కాళ్లూ చేతులూ పుల్లల్లా అయిపోయాయి. "దొంగ వేషాలు వెయ్యకు" అంటూ ఈశ్వరమ్మ బెత్తం పట్టుకుని ఎదురుగా కూర్చుని, పళ్లెం ఖాళీ అయ్యేదాకా లేవనిచ్చేది కాదు. చివరికి పిల్ల లేవలేని స్థితిలో ఉందని కబురొస్తే, కనక భుజాన వేసుకుని విశాఖ పెద్దాసుపత్రికి పరిగెత్తింది.

"ఈ పిల్లకి గోధుమ విషం. ఇన్నాళ్లూ ఎవరు పెట్టారమ్మా?" అన్నాడక్కడి డాక్టరు. వారం తిరక్కుండా చిలకమ్మ పోయింది.

విషం! ఆ మాట విన్నాక కనకకు వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. ఈశ్వరమ్మ ఏనాడైనా ఆ ఉప్మా నోట పెట్టిందా? తనకి వేరే పొయ్యి, సన్నబియ్యం అన్నం. మిగతా పిల్లలు మాత్రం ఆ పురుగుల రవ్వ తిని, నెలకోసారి కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోవడం లేదూ? అది విషమని ఈ మహాతల్లికి తెలుసు. తెలిసే కొండ పిల్లలకి పెడుతోంది. తన గుంట చిలకమ్మ ముందు పోయింది, అంతే.

మూడేళ్లు ఆగి, ఆమె ఇంట్లోనే వంటకి కుదిరింది కనక. ముందు తను తాగాల్సింది గుక్కెడేగా, పోతే పోనీ అనుకుంది. ఈశ్వరమ్మ గుర్తుపట్టనేలేదు. కొండ మీద తల్లులందరిదీ ఆమెకి ఒకటే మొహం.

నాలుగు నెలలైంది. ఈశ్వరమ్మ చావలేదు సరికదా, బుగ్గలు నిగనిగలాడుతున్నాయి. గుప్పెడు కాస్తా రెండు గుప్పెళ్లయింది. అయినా చలనం లేదు. "నీ కడుపు కాల! రాళ్లేసినా అరిగించుకునేలా ఉన్నావు గదే" అని కనక పొయ్యి ముందు పళ్లు నూరింది.

సంతలో ఆమె అన్న సోమన్న ఎదురుపడ్డాడు. "ఏటే కనకా, ఇలాగైపోనావు? పుల్లకి సీర సుట్టినట్టున్నావు!"

"మన్నెం జొరమన్నా."

"జొరం కాదే, పగ. అది నిన్ను తినేత్తంది. వదిలీసి మనూరొచ్చీ."

"దాన్ని కాటికి పంపీసి వత్తాను" అంది కనక. అన్న మాట ఆమె చెవికెక్కలేదు.

ఆ శుక్రవారం జావ దించుతూ కనక పొయ్యి పక్కనే కుప్పకూలింది. "ఓయమ్మో, ఇది పోతే నాకు జావెవరు కాస్తారు!" అని ఈశ్వరమ్మ గాభరాపడి, జీపు మాట్లాడి, ఆమెను విశాఖ పెద్దాసుపత్రికి చేర్చింది. దారంతా తల పట్టుకుని కూర్చుంది. ఆ చెయ్యి తగిలినంతసేపూ కనక ఒళ్లు మండిపోయింది.

రక్తం తీశారు. గొట్టం వేసి పేగులో చిన్న ముక్క తీశారు. పదో రోజున, ఈశ్వరమ్మ చూడ్డానికి వచ్చి ఉండగా, డాక్టరమ్మ కాగితాలు పట్టుకుని వచ్చింది.

"గోధుమ తింటున్నావా?"

కనక మొహం గోడవైపు తిప్పుకుంది. ఈశ్వరమ్మే జవాబిచ్చింది. "దీనికి గోధుమెక్కడిదండీ? రోజూ నాకు చోడి జావ కాసి, ముందు అదే తాగుతుంది."

"అందులో ఎక్కడో కలుస్తోంది. గోధుమ అందరికీ మామూలు తిండే. ఏ నూటికో ఒక్కరికి మాత్రం విషం, నీలాగ."

కనక దిగ్గున లేచి కూర్చుంది. "అందరికీ కాదా? తిన్నోలంతా సావరా?"

"అందరూ చస్తే ఊళ్లు మిగలవమ్మా" అని నవ్వింది డాక్టరమ్మ. "నీకు పిల్లలున్నారా?"

అంతే, నాలుగు నెలలు నొక్కిపెట్టినదంతా తన్నుకొచ్చింది. "ఉండీది! ఒక్కగానొక్క గుంట. ఈ ఆసుపత్రిలోనే పోనాది. గోధుమ ఇసమని మీవోల్లే సెప్పినారు. అదుగో, ఆవిడే! కొట్టి కొట్టి తినిపించినాది! నా సిలకమ్మని సంపింది ఎవులో సూపిత్తన్నాను, రాసుకోండి!"

ఈశ్వరమ్మ మొహం పాలిపోయింది. ఆ పేరు ఆమెకు గుర్తుంది. కనకకు కడుపు చల్లబడింది. మూడేళ్లుగా చూడాలనుకున్న మొహం ఇదే.

డాక్టరమ్మ నవ్వు మాత్రం ఎప్పుడో ఆగిపోయింది. ఆమె ఈశ్వరమ్మ వైపు చూడనేలేదు. కాగితాలు మడిచి, మంచం అంచున కూర్చుని, కనక చెయ్యి పట్టుకుంది.

"పాపకి ఈ జబ్బు నీ నుంచే వచ్చిందమ్మా."