దారం వదలండి సార్

“వాడి ఊసెత్తకండి సార్. ఉడుం అంటారు వాణ్ణి. పట్టుకున్నది వదలడు. నన్నూ అలాగే పట్టుకుని తెచ్చి ఈ కొలువులో పడేశాడు.”

పడవ ఇంజను ఆపి లంగరు వేస్తూ సరంగు అన్న మాట ఇది. అతిథి అడిగింది మాత్రం, “నీకు అన్నదమ్ములున్నారా?” అని, అదీ ఊసుపోక.

“సొంత తమ్ముడేనా?”

“సొంతమే. అదే నా ఖర్మ. ‘అన్నా, వల అమ్మేద్దాం, రిసార్టు వాళ్ళు పడవ ఇస్తారంట’ అన్నాడు. అమ్మించాడు. తాతలనాటి వల సార్. నాలుగు నెలలైంది, వాడితో మాట మానేశా. పొద్దున కూడా జెట్టీ మీద ఎదురొచ్చి, ‘అన్నా, ఒక్క మాట’ అన్నాడు. వినపడనట్టు వచ్చేశా.”

“అతనూ రిసార్టులోనే పని చేస్తాడా?”

“ఆఁ. ఈత బాగా వచ్చు కదా. అతిథుల్ని సంతోషపెట్టే పనంట.”

“స్విమ్మింగ్ పూల్ దగ్గరా?”

“అలాంటిదే.”

సరంగు గడియారం చూసుకున్నాడు. పదీ ఐదు.

ఇంకో రెండు నెలలు గడిస్తే పడవ అతని పేరుకు మారుతుంది. మేనేజరు పెట్టిన షరతు ఒక్కటే. చేప చిక్కకుండా ఏ అతిథీ ఒడ్డెక్కకూడదు. రిసార్టు గేటు మీద పెద్ద అక్షరాలతో రాయించాడు కూడా, ఉత్త చేతులతో వెళ్ళినవాళ్ళు లేరని. ఇప్పటికి రెండుసార్లు దారం తెగింది. “మూడోసారి తెగితే పడవ ఇక్కడ పెట్టి నువ్వు ఇంటికి పో” అన్నాడు, నవ్వుతూనే. ఆ మనిషి నవ్వకుండా ఏ చెడ్డమాటా చెప్పడు.

“ఇంత సముద్రం పెట్టుకుని ఈ బండ దగ్గరే ఎందుకయ్యా?” అన్నాడు అతిథి, గాలం విసిరి.

“పెద్దవి దీని కిందే ఉంటాయి సార్.”

“అరె, అవిగో బుడగలు!”

“చెప్పలా?”

ఆ మాట పూర్తయ్యేలోగా గాలం కర్ర విల్లులా వంగింది. దారం బర్రున పరుగెత్తింది.

“పడింది! పడిందయ్యోయ్!”

“కంగారు పడకండి. లాగండి, వదలండి. కాసేపు ఆడనివ్వండి.”

అతిథికి పట్టపగ్గాల్లేవు. ఫోను తీసి ఇంటికి కలిపి, పడవ అంచున నీటి సీసాకు ఆనించి నిలబెట్టాడు. “ఏమేవ్, కనిపిస్తోందా? వంకాయలు ఏరడం చేతకాదంటావుగా నాకు! ఇప్పుడు చూడు!”

“ముందు టోపీ సరిగ్గా పెట్టుకోండి” అంది ఫోన్లో భార్య.

ఇరవై నిమిషాలు దారం అటూ ఇటూ తిరిగింది. మామూలుగా ఈపాటికి దారం లెక్కగా మూడుసార్లు అదిరేది, సరంగు “ఇక లాగేయండి” అనేవాడు. ఇవాళ అనలేదు. నాడి చూసేవాడిలా రెండు వేళ్ళు దారం మీద ఆనించి కూర్చున్నాడు.

“ఏమంటోంది చేప?” నవ్వాడు అతిథి.

“ఇంకా ఏం చెప్పలేదు సార్.”

మళ్ళీ గడియారం చూశాడు.

“నీకు ఎంతసేపూ టైము గోలేనయ్యా!”

దారం బండకు అవతలి వైపు తిరిగి బిగుసుకుంది. సరంగు చటుక్కున లేచాడు.

“బండకు చుట్టుకుంది. వదలండి సార్, కొంచెం లూజు ఇవ్వండి.”

“వదిలితే పోతుంది! దీనికోసం మా ఆఫీసరు కాళ్ళావేళ్ళా పడి సెలవు తెచ్చుకున్నా.”

అతిథి పడవ చెక్కకు కాలు తన్నిపెట్టి వెనక్కి వాలాడు. కర్ర వణికింది. దారం టకటకా అదిరింది, ఒక లెక్కా వరసా లేకుండా.

“చూశావా, ఎలా గింజుకుంటోందో!”

“వదలండి సార్. మీకు దణ్ణం పెడతా.”

“నీకేమైనా పిచ్చా?”

“తాబేలేమో సార్. చచ్చిందంటే కేసవుతుంది. తెంపేస్తా.”

“ఇందాకటిదాకా చేపన్నావు! తెంపు చూద్దాం, మీ మేనేజరుతో నేనే మాట్లాడతా.”

కత్తి అప్పటికే సరంగు చేతిలో ఉంది. ఒడ్డు వైపు చూశాడు. జెట్టీ మీద మేనేజరు తెల్లచొక్కా స్పష్టంగా కనిపిస్తోంది. రెండే నెలలు. కత్తి దించాడు.

“ఒక్క నిమిషం చూద్దాం” అన్నాడు, తనలో తనే.

ఆ నిమిషంలో అదురు తగ్గింది. తగ్గి, ఆగింది.

“హమ్మయ్య, అలిసిపోయింది!” అన్నాడు అతిథి.

బండ పక్కన నీళ్ళు అద్దంలా నున్నగా ఉన్నాయి. ఒక్క బుడగ లేదు. సరంగు ఒక్క వేటుతో దారం తెంపేశాడు.

అతిథి వెల్లకిలా పడ్డాడు. టోపీ నీళ్ళపాలైంది. “దొంగవెధవా! నోటిదాకా వచ్చినదాన్ని...” అంటూ లేచేసరికి పడవలో సరంగు లేడు. కత్తితో సహా దూకేశాడు.

“ఏమైందండీ?” అంది ఫోను.

“చేప వెనకాల దూకాడే పిచ్చోడు! మేనేజరు పీకేస్తాడని భయం పట్టుకున్నట్టుంది.” అతిథికి మళ్ళీ ఆశ పుట్టింది. ఫోను అందుకుని నీళ్ళ వైపు తిప్పాడు. “చూస్తూ ఉండు. ఇంకా రాలేదు... ఇంకా రాలేదు... అదిగో, వచ్చాడు! పట్టాడేవ్! చంకలో ఏదో ఉంది, పెద్దదే!”

ఫోన్లో భార్య ముఖం తెరకు దగ్గరగా వచ్చింది.

“అదేంటండీ... చేపకు చెయ్యి ఉంది?”

ఆ మణికట్టుకు గాలం దారం మూడు చుట్లు బిగుసుకుని ఉంది. నడుముకు కట్టిన సంచిలో, అతిథి గాలానికి తగిలించాల్సిన చేప అలాగే ఉంది.

అది తమ్ముడి చెయ్యి.