అబ్రకం ధర

"సూయజ్ కాడ యుద్ధమంట. లండన్‌లో షేర్లు నిన్న కుప్పకూలినాయి. అబ్రకం కొనేవాళ్లు లేరు, రేపటినించి మీకు సగం కూలే!" గూడూరు షెడ్డులో గుమాస్తా పద్మనాభయ్య టెలిగ్రాం చదివి చెప్పినాడు.

అబ్రకం రేకులు చీలుస్తున్న రెబెక్కమ్మ చేతిలో కత్తి విసిరికొట్టింది.

"అక్కడ నిన్న పడితే ఈరోజే మా నోటికాడ కూడు లాక్కుంటారే! ధర లేచినప్పుడు ఆ కబురు ఒక్కసారన్నా ఇక్కడికి రాలేదా అయ్యా?"

"నోర్ముయ్!" అనబోయినాడు పద్మనాభయ్య. కానీ చూపు బల్ల సొరుగు మీద పడింది. పోయినేడు ధర రెట్టింపయిందని టెలిగ్రాం వస్తే, యజమాని మాట విని సొరుగులో పెట్టి తాళమేసింది తనే.

"వచ్చిందమ్మా," అన్నాడు. "నేనే దాచినాను."

షెడ్డులో ఆడవాళ్లంతా లేచినారు. సొరుగు తాళం తీసి, ఆ పాత టెలిగ్రాం చేతబట్టుకొని, యజమానిని నిలదీయను బంగళాకు వాళ్లకంటే ముందు పద్మనాభయ్యే నడిచినాడు.