పొగబండి ముంత

“పగలగొట్టండి అయివారూ!” అంటూ రంగప్ప బల్లమీది మట్టిముంతను రెండు చేతులా వాటేసుకున్నాడు. “ఉరుసుకొచ్చిన మిఠాయంగళ్ళు రేపు ఎత్తేస్తారంట. మా దుడ్లు మాకియ్యండి!”

అదే తరగతిలోని సిద్ధమ్మ ముంతవైపే చూసింది. ఆ ముంతలో ఉన్నవి అందరికీ దుడ్లు. ఆమెకు మాత్రం పొగబండి.

నయాపైసలు వచ్చిన కొత్త అది. పెనుకొండ బడిలో మార్కండేయులు అయివారు లెక్కల గంటలో పొదుపు పాఠం ఎత్తుకున్నాడు. “నోటితో చెబితే మీ బుర్రలకెక్కదు గానీ, ముంతలో వేసి నేర్చుకుందాం. నిండితే అందరం హిందూపురానికి పొగబండిలో పోదాం” అన్నాడు. ఇక చూసుకోండి! కోతలైన చేలల్లో రాలిన శెనక్కాయలు ఏరడం, అంగట్లో అమ్మడం, వచ్చిన పైసా పరకా ముంతలో వేయడం, పిల్లలకు అదే పని.

పొగబండి ముచ్చట అయివారు చెబుతుంటే వినాలి. చెట్లు వెనక్కి ఉరుకుతాయట. పెనుకొండ కొండ మనతోపాటు కొంతదూరం వచ్చి, ఇక పోయి రాండి అని నిలబడిపోతుందట. చక్రాల చప్పుడుకు జోలపాట లేకుండానే నిద్రొస్తుందట. వింటూ కళ్ళు మూసుకుంటే సిద్ధమ్మకు కూర్చున్న నేలే మెల్లగా కదిలినట్టుండేది. ఇంటికి పోయినా ఆ ఊపు వదిలేది కాదు.

“ముంత మీది. ఎక్కువమంది ఏమంటే అదే. పగలగొట్టాలనేవాళ్ళు చేతులెత్తండి” అన్నాడు అయివారు.

బిలబిలా చేతులు లేచాయి. సిద్ధమ్మ ఉండబట్టలేకపోయింది.

“రేయ్ రంగప్పా, మిఠాయి నోట్లో ఎంతసేపుంటాదిరా?”

“కరిగేదాంక!”

“పొగబండెక్కితే సచ్చేదాంక చెప్పుకోవచ్చు గదరా!”

“మళ్ళీ ఏరితే ముంత నిండదా ఏమి?”

“వాన రాకపోతే ఏమేరుతావు, రాళ్ళా?”

రంగప్ప తల గోక్కున్నాడు. అయివారు గబగబా ముందుకొచ్చాడు. “ఇంకొక్క నెల ఓపిక పట్టండి నాయనా. కావాలంటే మీ గడ్డాలు పట్టుకుంటా. ఇప్పుడు పగలగొడితే మనం నేర్చుకున్నదంతా నీళ్ళపాలే!”

గడ్డాలు పట్టుకునే అయివారిని ఎవరైనా చూశారా? అబ్బా, పాఠమంటే ఈయనకెంత ప్రాణమో అనుకుంది సిద్ధమ్మ. ఎత్తిన చేతులు ఒక్కొక్కటే దిగాయి.

నెల తిరిగాక ముంత పగిలింది. ఆదివారం పొద్దున అందరూ స్టేషన్‌లో ఉన్నారు. తెల్లటి పొగలోంచి బండి కలలో వచ్చినట్టు వచ్చి ఆగింది. పిల్లలు కేకలేస్తూ ఎక్కేశారు. రంగప్పే అందరికంటే ముందు.

అయివారు కిందే నిలబడ్డాడు. చెప్పులు విప్పి చేతబట్టుకున్నాడు. మెట్టును తాకి కళ్ళకద్దుకున్నాడు.

“రాండి అయివారూ, బండి పోతాది!” అని సిద్ధమ్మ చేయి చాచింది.

ఆయన ఎక్కాడు. సిద్ధమ్మ జరిగి కిటికీ పక్కన చోటిచ్చింది. చెట్లు వెనక్కి ఉరకడం మొదలుపెట్టాయి. అయివారి కళ్ళనిండా నీళ్ళు.

“ఏడుస్తాండారా అయివారూ? మేము పాఠం బాగా నేర్చుకున్నామనా?”

ఆయన కిటికీలోంచి చూపు తిప్పకుండానే, ఆమెకు మాత్రం వినబడేలా అన్నాడు.

“మే సిద్ధమ్మా, నేను పొగబండెక్కడం ఇదే మొదలు.”