కరీంనగర్ లైన్

“మొత్తం ఎంతమందిని పైకి పంపారు?” కలం తెరుస్తూ అడిగాడు వీరభద్రం.

“లెక్కవెట్టలే సార్,” అన్నాడు గాలయ్య, మిర్చిబజ్జీ కొరుకుతూ. “రోజుకు పదిమందినన్న పంపిన. పెండ్లిళ్ల దినాలల్లయితే ఇగ మస్తు.”

వీరభద్రం గబగబా రాసుకున్నాడు. భూస్వాముల పెళ్లిళ్లే అదునుగా దాడులన్నమాట!

“ఆడవాళ్లను కూడానా?”

“ఛ! తప్పు గాదా సార్? ఆడోళ్లను, ముసలోళ్లను ఒక్కనాడు పైకి పంపలే. మొగోళ్లనే. ఇంకా మిగిలితె ఎనకకు ఏలాడదీసిన.”

‘ఉరి’ అని రాసి కింద రెండు గీతలు గీశాడు వీరభద్రం. ‘విప్లవ నీతి’ అని రాసి మూడు గీశాడు.

వీరభద్రం కోస్తాలో ఒక కోర్టులో ముప్పై మూడేళ్లు కాపీయిస్టుగా చేశాడు. ఊరందరి తీర్పులూ తన చేత్తోనే రాశాడు. ఒక్కదాని కిందా తన పేరు లేదు. రిటైరై శామీర్‌పేటలో కొత్త కాలనీకి వచ్చిపడ్డాక ఆయనకు అట్టే ఆశలేం మిగల్లేదు. అట్ట మీద తన పేరు చూసుకోవాలన్న ఆశ తప్ప. అదైనా అల్లాటప్పా పుస్తకం కాకూడదు. పోయేలోపు ఒక్క పుస్తకం, చదివినవాడు అదిరిపోయే పుస్తకం!

చెరువు దగ్గర టీ కొట్టు మైసయ్య ఆయనకు ఆ వరమిచ్చాడు. బెంచీ చివర చాయ్ ఊదుకుంటున్న ముసలాయన్ను చూపించి, “గాయనెవరనుకున్నరు సార్? కమాండర్ గాలయ్య. ఒకప్పుడు గీ రోడ్డుమీద గాయన పేరు తెల్వనోడు లేడు” అన్నాడు.

వీరభద్రం చేతిలో చాయ్ చల్లారిపోయింది. రక్తం మాత్రం వేడెక్కింది. వెళ్లి గాలయ్య పక్కన కూర్చుని, “మీలాంటి కమాండర్ల చరిత్ర ఎవరూ రాయలేదు. నేను రాస్తాను” అన్నాడు.

గాలయ్య కళ్లు చెమ్మగిల్లాయి. “అవ్ సార్. అప్పట్ల మేం లేకుంటె గీ ఊర్లు కదలకపోతుండె. ఇప్పుడెవ్వనికి యాదున్నది?”

అలా మొదలైంది. ఎనిమిది నెలలు, ప్రతి ఆదివారం. ఇంటర్వ్యూ అంటే ‘ఇంటి వ్యూ’ అనుకుని గాలయ్య భార్య శివమ్మ మొదటివారమే గోడలకు సున్నం కొట్టింది. విప్లవానికి ప్రాణాలర్పించినవాళ్లున్నారు. వీరభద్రం వారం వారం పకోడీలర్పించాడు. టేపు ఒక గంట, మేపు ఒక గంట.

“మీది ఏ లైన్?” అని అడిగాడొక ఆదివారం.

“కరీంనగర్ లైన్ సార్. మొదటికెల్లి గదే.”

“లైన్ మార్చుకోవాలని ఎప్పుడూ అనిపించలేదా?”

“ఒక్కపారి మేడ్చల్ లైన్ల జొరవడ్డ. ఆ లైనోళ్లు ఊకుంటరా? తలకాయలు వల్గినయ్ సార్!”

మేడ్చల్ లైన్ అని ఒక చీలిక ఉందని చరిత్రకారులకే తెలియదు. వీరభద్రానికి ఒళ్లు పులకరించింది.

“పోలీసులు?”

“నెలనెల పట్టుకుంటుండిరి. మామూలే సార్.”

అంత నరకాన్ని ‘మామూలే’ అని కొట్టిపారేసిన ఆ గుండె నిబ్బరానికి వీరభద్రం రెండు పేజీలు కేటాయించాడు.

“మరి చివరికి ఎందుకు బయటికొచ్చేశారు?”

గాలయ్య చేతిలో పకోడీని తిరిగి పొట్లంలో పెట్టేశాడు. “మంది తగ్గిండ్రు సార్. మంది లేకుంటె ఏం నడిపిస్తం?”

ఆ రోజు వీరభద్రం ఏడుస్తూ ఇంటికొచ్చాడు. భార్య జానకీదేవి తువ్వాలు అందించింది.

“సమ్మె రోజున వెనక గుమ్మంలోంచి ఆఫీసుకెళ్లి సంతకం పెట్టొచ్చిన మనిషి మీరు. మీకెందుకండీ ఈ విప్లవం?”

“చేసేవాడు చేస్తాడు, రాసేవాడు రాస్తాడు. ఈ ఒక్క పుస్తకం నిలబడితే చాలే. లేకపోతే నేను పోయాక కూడా కాపీయిస్టునే.”

“ముప్పై మూడేళ్లు ఎవరేం చెబితే అది రాశారు. ఈసారైనా అర్థం చేసుకుని రాయండి” అని ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది.

పుస్తకం అచ్చయింది. పేరు ‘కమాండర్ కదిలించిన ఊళ్లు’. అట్టంతా ఎరుపు. అందులో తెల్లగా, లావుగా, వీరభద్రం పేరు. ముందుమాట రాసిన ఆచార్యుడు ‘మేడ్చల్ లైన్ చీలికను తొలిసారి వెలుగులోకి తెచ్చిన మహాగ్రంథం’ అన్నాడు. వెలుగులోకి వచ్చేదాకా ఆ చీలిక సంగతి ఆయనకూ తెలియదు. తెలియదని చెప్పడం ఆచార్యుల ఆచారం కాదు.

శామీర్‌పేటలో ఫంక్షన్ హాలు నిండింది. కాలనీ అంతా వచ్చింది. ఏసీ ఎక్కువైందని శాలువాలు కప్పుకుని మరీ పీడిత ప్రజల గురించి విన్నది. ఆచార్యుడు గాలయ్యకు ఎర్ర కండువా కప్పాడు. అపార్టుమెంటు సంఘం కార్యదర్శి పిడికిలెత్తి నినాదం కూడా ఇచ్చాడు. ఆ పిడికిలి ఇంతవరకూ మెయింటెనెన్సు మీటింగులో తప్ప లేచింది లేదు. జానకీదేవి మొదటి వరుసలో కూర్చుని, మొగుణ్ని కొత్తగా చూసింది. వీరభద్రానికి ఈ జన్మకు అది చాలనిపించింది.

తొలి ప్రతి గాలయ్య చేతికిచ్చారు. ఆయనకు చదువు రాదు. ముందునుంచి వెనక్కి తిప్పాడు. వెనకనుంచి ముందుకు తిప్పాడు. ముఖం చిన్నబోయింది.

వీరభద్రం పక్కకొచ్చి వంగాడు. “ఏమైనా తప్పు దొర్లిందా గాలయ్య గారూ?” అని చెవిలో అడిగాడు.

ఆచార్యుడు మైకు తెచ్చి గాలయ్య నోటి దగ్గర పెట్టాడు.

“అంత మంచిగనే ఉన్నది గని సారూ, ఇరవై రెండేండ్లు నా చేతుల నడిచిన కమాండర్ జీపు ఫొటో ఒక్కటన్న ఎయ్యకపోతిరి!”